తొమ్మిదో పేరా

కల్వకుర్తిల
పురుగుమందుల దుకాణం నెత్తిన
పన్నెండడుగుల ఫ్లెక్సీల కుర్మయ్య నవ్వుతుండు.
ఆ నవ్వు తీసింది నేను.

పోయినేడు మిరుగం నాడు
మొదటి వాన ఎర్రచెల్కల ఇంకుతుంటే
కోడెదూడ ఆయన రుమాలు గుంజి నమిలింది.
తిట్టబోయి నవ్విండు.
నేను బురదల మోకాళ్ల మీద ఉన్న.
ఒక్కటే క్లిక్కు.
రెండో క్లిక్కుకు తిట్టు మొదలైంది.

రాత్రి ఇంటికొచ్చి
మూలకు చీమంత నా పేరు రాసి
ఫోన్ల పెట్టిన.
మూడొందల మంది బాగుందన్నరు.
మూడొందల ఒకటోవాడు
దూడను కోసేసిండు.
అదే కత్తితోని నా పేరునూ.
రుమాలు జాగల మందు డబ్బా అతికిచ్చి
కింద రాసిండు:
"నా పత్తికి నేను నమ్మింది ఇదే".

మహబూబ్‌నగర్ కోర్టు ఎదురుంగ
నస్రీన్ మేడం
ఫ్యాను గాలికి ఎగిరే కాగితాల మీద
గుండ్రాయి పెట్టి
ముందుగాల ఒక్కటే అడిగింది:
"కెమెరాల పుట్టింది పుట్టినట్టు
అసలు ఫైలు ఉన్నదా?"
ఉన్నది మేడం,
తారీఖుతోని, టైముతోని,
దూడ రెండు చెవులతోని.
"అదే నీ పట్టాదారు పాసుబుక్కు.
ఎవ్వరికీ ఇయ్యకు, రెండు జాగలల్ల దాచు.
ఇప్పుడే పోయి ఆ ఫ్లెక్సీని ఫోటో తియ్,
దుకాణం పేరు కనబడాలె,
వాళ్లు దించకముందే.
రిజిస్ట్రేషన్ లేదని బుగులు పడకు,
తీసిన గడియనే హక్కు పుట్టింది.
కాయితం ఉంటే సాక్ష్యానికి
జర గొంతు పెద్దగైతది, అంతే."

నా ఛాతి గజం పెరిగింది.
అదే ఊపుల అడిగిన:
మరి నేను తీసిన పెండ్లి ఫోటోలు?
"వేరే రాసుకోకుంటే
పైసలిచ్చి తీయించుకున్నోళ్లవి."

పదకొండేండ్ల తలంబ్రాలు,
అప్పగింతల ఏడ్పులు,
కరెంటు పోయినంక జనరేటర్ వెలుగుల
తీసిన బువ్వబంతులు
నా చేతులకెళ్లి జారిపోయినయి.
ఒక్క దూడ మిగిలింది.

నోటీసు రాసుకుంట రాసుకుంట
మేడం పెన్ను ఆపింది.
"ఆయన్ను అడిగినవా?"
ఎవరిని?
"నవ్వినాయన్ను."

వెల్దండ దాటినంక మట్టిబాట.
కుర్మయ్య గెట్టు మీద కూసొని
పత్తికాయ ఇప్పి చూస్తుండు.
లోపల గులాబీ పురుగు,
మెత్తగ, పసిపిల్ల వేలు లెక్క.

"నువ్వు చెప్పినవనే కొన్నం కుర్మయ్యా,
అంటున్నరు అందరు.
ఆ డబ్బా మూత గూడ నేను తియ్యలే.
ఎంకటమ్మ పలకరిస్తలేదు.
మా మేనబావ అయితే
ఎంత ముట్టిందని మొఖం మీదనే అడిగిండు.
ఆ దుకాణం తొవ్వల పోవుడే బంద్ జేసిన."

నేను చట్టం చెప్పిన.
బొమ్మ నాదే, అరవై ఏండ్ల దాకా
ఇంకెవ్వరు వాడరాదని.
"మంచిది. మరి మొఖం?"

దానికి ఇంకో దావా ఉంటదని
మేడం చెప్పింది యాదికొచ్చింది గాని
నోట్లెకెళ్లి రాలే.

"ఏదీ, చూపియ్."
మూడొందల మంది చూసినంక
ఆయనకు చూపిచ్చుడు అదే మొదలు.
తెర మీద వేలు పెట్టిండు,
తన మొఖం మీద కాదు, దూడ మీద.
"దీన్ని యాడ వారేసిన్రు?"
శానాసేపు చూసిండు.
దూడ ఇప్పుడు కోడె అయిందట,
రుమాలు చూస్తే ఇంకా మూతి చాపుతదట.

"నోటీసుల ఒక్క ముచ్చట రాయమను.
నేను నవ్వింది మందుకు కాదు,
దూడకు అని."

మేడం నవ్వలే.
రెండో పేరు చేర్చింది.
తొమ్మిదో పేరాల, ఇంగ్లీషుల,
ఉన్నదున్నట్టు దింపింది.
రుమాలు కాడ కాసేపు ఆగి
దానికి మాట దొరకక
రుమాలు అనే ఉంచింది.

పద్దెనిమిది రోజులాయె, జవాబు రాలే.
నిన్నటి గాలికి ఫ్లెక్సీ ఒక మూల ఊడి
డబ్బా మీద పడ్డది.